చెలిమ తేటపడేదాకా

గొర్రెల అవ్వ పోయిందని మా పాపే వచ్చి చెప్పింది. పొద్దున నేను రాట్నం ముందు కూర్చుని మగ్గానికి దారపు కండెలు చుడుతున్నాను. రోజూలాగే ఎదురింటికి పరిగెత్తిన పిల్ల అంతలోనే తిరిగి వచ్చి గడపలో నిలబడింది.

"అమ్మా, అవ్వ లెయ్యలేదు. కదురు తలకాడనే ఉండాది. నేను మూడుసార్లు పిలిస్తి" అంది.

ఆ తరువాత వీధంతా కదిలింది. కొండ దిక్కుకు మందను తోలుకుపోయిన కొడుకులకు కబురు పోయింది. ఆడవాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ నా చెవుల్లో గడప దగ్గర విన్న ఆ నాలుగు మాటలే ఉండిపోయాయి. ఈ పిల్లకు మాటలు రావని ఊరంతా తేల్చేసిన రోజులు నాకు గుర్తున్నాయి. మాటలు రప్పించిన మనిషి లేదన్న సంగతి ఆ మాటలతోనే నాకు చేరింది.

అవ్వను వంక గట్టున పూడ్చిన రోజు తలా ఒక మాట చెప్పుకున్నారు. నేను ఐదో తరగతి దాకే చదివాను, నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. తల వంచుకుని నిలబడి వచ్చేశాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మా అత్తగారి ఊరు ధర్మవరం నుంచి బస్సులో అరగంట. ఊళ్లో సగం ఇళ్లలో మగ్గాలు, మిగతా సగం వేరుశెనగ చేలూ గొర్రెలూ. అవ్వ ఇల్లు మాకు ఎదురు. మోకాళ్లు అరిగి మంద వెంట నడవలేని వయసు వచ్చాక, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు నాలుగైదు ఇంటి దగ్గర అవ్వ పాలబడ్డాయి. కూలికి పోయే తల్లులు తమ చిన్నపిల్లలను కూడా అవ్వకే అప్పగించి పోయేవారు. పొద్దున గంజి తాగాక ఆ రెండు మందలనూ కలిపి వీధి వెనకున్న వంకకు తోలుకుపోయేది. నీళ్లు పారే వంక కాదది. ఏడాదిలో ఏ నాలుగు రోజులో పారితే ఎక్కువ. తక్కిన రోజుల్లో ఇసుక, గుండ్రాళ్లు, గట్టున రెండు కానుగ చెట్లు. అవ్వ చేతిలో ఒక కట్టె ఉండేది. అది ఏ గొర్రె మీదా ఏ బిడ్డ మీదా పడగా నేను చూడలేదు.

మాది గుంట మగ్గం. నేసేవాళ్లు గుంటలోకి కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ గుంట ఒక భయం, మగ్గం మీద నిలువునా పరిచిన పడుగు దారాలు ఇంకో భయం. పట్టు పోగు ఒకటి తెగితే అతుకుతాం. పిల్ల చెయ్యి పడితే ఒక్కటితో పోదు. అందుకని మా అత్త పాత చీర అంచు చింపి పీలిక చేసి, ఒక కొస పాప నడుముకూ ఇంకో కొస స్తంభానికీ కట్టేది. ఆమెను తప్పు పట్టాలని ఇది చెప్పడం లేదు. పాప వాళ్ల నాయన పసివాడిగా ఉన్నప్పుడు ఆ గుంటలోనే పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఇప్పటికీ ఆయన ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచలేరు. "ఒగసారి చూసినా, అది సాలు నాకు" అనేది అత్త.

నడక వచ్చినప్పటి నుంచి మూడేళ్లు దాటేదాకా పాప పగళ్లన్నీ ఆ పీలిక చివరే గడిచాయి. కొన్నాళ్లకు ఏడవడం మానేసింది. మాట మాత్రం రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. నాలిక మందమేమో అన్నారు కొందరు, మూగదేమో అన్నారు కొందరు. అత్త లేపాక్షి వీరభద్రుడికి మొక్కుకుంది. బడి ఈడు దగ్గర పడుతోందని ఒకరోజు నేను గొణిగితే, "మాట రాని బిడ్డకు బడేమిటికి? కండెలు చుట్టేది నేర్పిద్దాం. కండెలకు మాటలెందుకు?" అంది.

కండెలు చుట్టడానికి మాటలు అక్కర్లేదని నాకు తెలుసు. నేను చుట్టేవి అవే.

అవ్వ ఒక ఉదయం నిప్పు కోసం మా ఇంటికి వచ్చింది. చిప్పలో నిప్పులు వేయించుకుని కూడా కదలకుండా, స్తంభం దగ్గరున్న పాపను చూస్తూ నిలబడింది.

"ఏమ్మే, ఈ బిడ్డను అమ్ముతాండారా?" అని అడిగింది అత్తను.

"అదేం మాటక్కా?"

"కట్టేసినారు గదా. మేము సంతకు తోలేటప్పుడే కట్టేది."

అత్తకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "నీకేమక్కా, నీ గొర్లు పట్టు పోగులు తెంపవు."

"అందుకే చెప్తాండా, నా ఎంట పంపు. నాకాడ తెగేటివి ఏమీ లేవు. ఇసక, రాళ్లు. అవి నా తాత కాలం నుంచి ఎవరు తెంపినా తెగలేదు."

ఆ నెల మగ్గం మీద పెళ్లి చీర ఉంది. పిల్ల అడ్డం లేకపోతే అదే పదివేలనుకుని అత్త సరేనంది.

మొదటి రోజు మధ్యాహ్నం నేను సంగటి ముద్ద కొంగు చాటున పెట్టుకుని వంకకు వెళ్లాను. మిగతా పిల్లలు ఇసుకలో దొర్లుతున్నారు. మా పాప ఒక్కతే నిలబడి ఉంది. నాలుగు అడుగులు వేసి ఆగేది. వెనక్కి వచ్చేది. మళ్లీ నాలుగు అడుగులు వేసి ఆగేది. కాసేపు చూశాక నాకు అర్థమైంది. అది సరిగ్గా పీలిక పొడవు. నడుముకు ఏమీ లేకపోయినా పిల్ల అక్కడికే ఆగిపోతోంది.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అవ్వ చూసింది. "ఏడ్చద్దు పిల్లా. నడుముకు కట్టింది ఒగ నిమిషంలో ఇప్పొచ్చు. తలకాయలోది నిదానంగా ఇప్పల్ల" అంది.

అవ్వ చేసిందల్లా ఒక్కటే. పాప ఆగే చోటికి ఒక అడుగు అవతల, ఒళ్లో గొర్రెపిల్లను పెట్టుకుని కూర్చుని, కదురు తిప్పుతూ ఉన్ని వడికేది. రెండో రోజు రెండడుగుల అవతల. పాపను పిలవదు, పాప వైపు చూడదు కూడా. "ఒగసారి పిలువు అవ్వా, వస్తాదేమో" అన్నాను నేను. "పిలిస్తే నాకోసరం వస్తాది. రేపు నేను లేకుంటే మళ్లా నిలబడిపోతాది. గొర్రెపిల్ల కోసరం రానీ. దానికి కావాలనిపించి రావల్ల" అంది. ఎన్ని రోజులు పట్టిందో నేను లెక్క పెట్టుకోలేదు. ఒకనాడు నేను వెళ్లేసరికి పాప ఆ గీత దాటి, గొర్రెపిల్ల చెవి పట్టుకుని, లోపల ఏముందో వంగి చూస్తోంది.

ఆ తరువాత రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని వంకకు పోవడం నాకు అలవాటైంది. అవ్వ పిల్లలకు ఏమి నేర్పుతుందో చూడాలని నా ఆశ. చూస్తే ఆమె నేర్పడం ఎక్కడా కనబడదు. ఎవరైనా ఏదైనా అడిగితే "పోయి చూసిరా" అంటుంది, అంతే. రాయి కాలుతుందా ఇసక కాలుతుందా అంటే, పోయి కాలు పెట్టి చూసిరా. చీమలు ఎక్కడికి పోతున్నాయంటే, వాటి ఎంటపో. చూసి వచ్చిన పిల్ల చెప్పేది మాత్రం కదురు ఆపి, మొదటిసారి వింటున్నట్టు వినేది. "అవునా? నాకు తెల్దే" అనేది. ఆ మాట కోసమే పిల్లలు ఇంకో పది చూసి వచ్చేవారు.

ఒక్క రాయి విషయంలో మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని చూపించింది. మా దిక్కున రాయి కింద తేలు ఉండని చోటు లేదు. అందరూ పిల్లలను రాళ్లు ముట్టుకోవద్దంటారు. అవ్వ ముట్టుకోమనేది. రాయికి అవతలి అంచు పట్టి మన వైపుకు ఎత్తాలి. అప్పుడు కింద ఉన్నదానికీ మనకూ మధ్య ఆ రాయే అడ్డం ఉంటుంది, లోపలిది అవతలికి పరిగెత్తుతుంది. చూడడం అయ్యాక రాయిని ఉన్నట్టే పెట్టాలి. "ఇల్లు చూసినారు గదా, కప్పు కప్పేసి రాండి. వాళ్లకు ఎండ తగుల్తాది" అనేది. వీధిలో అన్ని ఇళ్లలోనూ ఎప్పుడో ఒకప్పుడు పిల్లలను తేలు కుట్టింది. ఆ వంకలో ఆడిన పిల్లలను అక్కడ కుట్టగా నేను వినలేదు.

అన్నిటికంటే పిల్లలకు ఇష్టమైన ఆట చెలిమ. ఎండాకాలం వంక ఎండిపోయినట్టే కనబడుతుంది కానీ ఇసుకలో సరైన చోట గుంట తీస్తే అడుగున నీళ్లు ఊరతాయి. ఆ గుంటనే చెలిమ అంటాం. ఇంట్లో ఆడవాళ్లకు అది బిందెతో పోయే బరువైన పని. అవ్వ దగ్గర అది ఆట.

"యాడ తవ్వల్లవ్వా?" అని పిల్లలు అడిగేవారు.

"నన్నేమిటికి అడిగేది? ఇసకను అడగండప్పా."

పిల్లలు బోర్లా పడుకుని బుగ్గలు ఇసుకకు ఆనించేవారు. చల్లగా ఉన్నదని తోచిన చోట తవ్వేవారు. ఒకనాడు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా తవ్వారు, మోచేతి లోతు పోయినా పొడి ఇసుకే. నాకే బాధ కలిగింది.

"ఆడ నీళ్లు లేవని నీకు తెలుసు గదవ్వా. చెప్పగూడదా?" అన్నాను.

"నాకు తెలిస్తే వాళ్లకు తెలిసినట్లా పిల్లా? రేపు ఆడ తవ్వరు చూడు."

మరునాడు వాళ్లు అక్కడ తవ్వలేదు. కానుగ వేర్లు వంకలోకి దిగిన చోట తవ్వారు. నీళ్లు వచ్చాయి. బురదగా, ఎర్రగా వచ్చాయి. పిల్లలు దోసిళ్లు ముంచబోతే అవ్వ ఆపింది. "తొలి నీళ్లు ఇసకవి. తోడి పారెయ్యల్ల. రెండోతూరి వచ్చేటివి గూడా పారెయ్యల్ల. ఆమీట చెయ్యి పెట్టకుండా గమ్మున కుచ్చోని చూడల్ల. మనం కెలక్కపోతే అదే తేటపడతాది."

పదిమంది పసిపిల్లలు ఒక గుంట చుట్టూ చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం నేను మరెక్కడా చూడలేదు. మా పాప అవ్వ పక్కనే, గడ్డం మోకాళ్లకు ఆనించి కూర్చునేది.

ఇంటికి మళ్లేటప్పుడు అవ్వ గొర్రెలను జతలుగా లెక్క పెట్టినట్టే పిల్లలనూ జతలుగా నడిపించేది. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇద్దరిద్దరు. "జతలు చూసుకోండి. ఒంటిది మిగిల్తే ఎనక్కి తిరిగి చూడల్ల, దాని జతది యాడో నిలబడిపోయింటాది" అనేది. నిజంగానే ఒకరు ఒంటిగా మిగిలితే ఆ పిల్లకు అవ్వ చెయ్యి. ఆ రోజుల్లో మిగిలేది మా పాపే.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక సాయంత్రం పాప నోటి నుంచి మొదటిసారి ఒక శబ్దం వచ్చింది. నాలిక అంగిటికి ఆనించి, గొర్రెలను మళ్లించే కూత. "డుర్ర్‌ర్ర్... హో." అచ్చం అవ్వ కూతే. నాకు ఒళ్లంతా పులకరించింది. అత్త మాత్రం చెరుగుతున్న చేట కింద పెట్టేసింది.

"మాటలు రాకపోతే రాకపోయె, గొర్ల కూత నేర్చె. మగ్గమోళ్ల బిడ్డ ఈది ఎంట గొర్లను కూస్తా పోతే నలుగురూ నగరా? రేపట్నుంచి సాలు."

మరునాడు పీలిక మళ్లీ స్తంభానికి చేరింది. అవ్వ వచ్చి గడపలో నిలబడితే, "సాలక్కా నీ చదువు" అంది అత్త. అవ్వ నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే బాగుండునని ఆ చూపులో ఉంది. నేను తల వంచుకుని రాట్నం తిప్పాను. ఆ రోజు నేను నోరు తెరవకపోవడం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

వారం అయిందో, పది రోజులయిందో. సాయంత్రం మంద ఊళ్లోకి తిరిగివచ్చే వేళ. వీధంతా దుమ్ము. పాప పీలిక పొడవునా ముందుకు వచ్చి, తలుపు సందులోంచి చూస్తూ, గట్టిగా కూసింది. డుర్ర్‌ర్ర్... హో.

పోయేవి ఆగాయి. అవ్వ ఒళ్లో పెరిగి అప్పుడప్పుడే పెద్దవవుతున్న నాలుగు గొర్రెలు మందలోంచి విడివడి, తిన్నగా మా గడప ఎక్కి ఇంట్లోకి వచ్చేశాయి. వాటి వెనక ఇంకో ఆరు. పాప వాళ్ల నాయన మగ్గం గుంటలోంచి లేవలేక "ఓయ్, ఓయ్" అంటున్నారు. అత్త చీపురు పట్టుకుని ఎటు అదిలిస్తే అటు నుంచి ఇంకొకటి వస్తోంది. ఒకటి పడుగు కింద దూరింది. ఒకటి నేను చుట్టిపెట్టిన కండెల బుట్టలో మూతి పెట్టింది. పాప మాత్రం వాటి మధ్య నిలబడి నవ్వుతోంది. ఆ పిల్ల చప్పుడు చేస్తూ నవ్వడం మేము ఎవరమూ అంతవరకు వినలేదు.

అవ్వ కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది.

"చూస్తాండావేమక్కా, తోలుకోనిపో నీ మందను. ఎవరు పిలిస్తే వచ్చినాయి ఇవి?" అని అరిచింది అత్త.

"నేను పిల్చలేదమ్మే. నీ మనమరాలు పిలిచింది, వచ్చినాయి." అవ్వ గొంతు పెంచలేదు. "పిలిస్తే ఇనేవాళ్లు ఇని వస్తే అది మాటే గదా. దాని మాట గొర్లకు తెలిసింది. మనకే తెలీలేదు."

చీపురు పట్టుకున్న అత్త చెయ్యి అలాగే ఆగిపోయింది. అప్పుడు నేను ఎప్పుడూ చెయ్యని పని చేశాను. రాట్నం ముందు నుంచి లేచి వెళ్లి పాప నడుము దగ్గరి ముడి విప్పాను. లాగి లాగి బిగిసిన ఆ ముడి ఒక పట్టాన రాలేదు. "రేపట్నుంచి పాప అవ్వతో పోతాది అత్తా. కావాలంటే పగలు చుట్టాల్సిన కండెలు పొద్దుకు ముందే లేచి చుడతా" అన్నాను. ఆ ఇంట్లో అడుగు పెట్టిన ఐదేళ్లలో అంత పొడవు మాట నేను అత్తతో అనడం అదే మొదలు.

పాప వాళ్ల నాయన గుంటలోంచే, "పోనీలేమ్మా. ఈడుంటే ఇంటికే మందను తెప్పిస్తాది" అన్నారు. అత్త ఇంకొకవైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికేనని ఆమె భుజాలు చెప్పాయి. ఆ పీలిక మళ్లీ స్తంభానికి చేరలేదు. నీళ్లు మోసేటప్పుడు బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు చేసుకుంది ఆమె.

మాట వచ్చింది ఆ ఎండాకాలంలోనే. ఆ రోజు నేను వంకలోనే ఉన్నాను. పిల్లలు చెలిమ తీసి, రెండుసార్లు తోడి పారేసి, చుట్టూ కూర్చున్నారు. ఎర్రనీళ్లు మెల్లగా అడుగుకు దిగాయి. అడుగున ఇసుక రేణువులు కనబడుతున్నాయి. "తేట" అంది ఎవరో. నేను అందరి మొహాలూ చూశాను. మా పాప వేలు నీళ్ల వైపు చాపి ఉంది. "తేట" అంది మళ్లీ.

అమ్మా అనకుండా ముందు ఆ మాట అన్నందుకు నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. దాచుకోవడం దేనికి. అవ్వ అది కనిపెట్టి, "నీ పేరు చెప్పేదానికి నువ్వు యాడికీ పోలేదు గదా పిల్లా. నీళ్లు అప్పుడే వచ్చె, చెప్పల్ల గదా" అని నన్ను మోచేత్తో పొడిచింది. నాలుగు రోజులకు అమ్మా అన్న నా పేరూ వచ్చింది. ఆ తరువాత ఆగమంటే ఆగని మాటలు.

బడిలో చేర్చిన రోజు నేనే వెంట వెళ్లాను. సారు పేరు అడిగారు, చెప్పింది. లెక్కలు ఎంతవరకు వచ్చని అడిగారు. పాప గదంతా చూసి, "ఈడ నాతో పదకొండు మంది పిల్లోళ్లుండారు సార్. ఐదు జతలు. ఒకరు ఒంటి" అంది. అని ఊరుకోలేదు. వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను. సారుకు అది ఎందుకో తెలియదు. నాకు తెలుసు.

అది జరిగి మూడేళ్లు. అవ్వ చివరి రోజు దాకా పిల్లలతో వంకకు పోయింది. ఈమధ్య గట్టు దిగలేక పైనే కూర్చుని, "పోయి చూసి వచ్చి చెప్పండప్పా, నా కండ్లు గూడా మీరే" అనేది.

పూడ్చిన మూడో రోజు పొద్దున, బడి సెలవు. వీధిలో చిన్నపిల్లలు అవ్వ అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ చెప్పలేదు, ఎప్పటిలా గంజి తాగి వచ్చి కూర్చున్నారు. పాప నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, చిన్నోళ్లను ఎవరు తోలుకోనిపోతారు?" అంది. నేను అత్త వైపు చూశాను. అత్త నా ముందున్న రాట్నాన్ని తన వైపుకు లాక్కుంది. "పోయిరాపో. కండెలకేమొచ్చె, నేను చుడతాలే. పొద్దెక్కితే ఇసక కాల్తాది" అంది.

జతలు కట్టారు. నాలుగు జతలు, ఒక ఒంటి. ఒంటిగా మిగిలింది రెండేళ్ల పిల్ల, పక్క మగ్గం వాళ్లది. ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక తన చెయ్యి పైకెత్తి పట్టుకుంది. నేను పట్టుకున్నాను.

కానుగ వేర్ల దగ్గర చెలిమ తీశారు. ఆ రెండేళ్ల పిల్ల వెంటనే చెయ్యి ముంచబోయింది. "ఆగు మే. తొలి నీళ్లు ఇసకవి" అని మా పాప దాని చెయ్యి వెనక్కి తీసింది. రెండుసార్లు తోడి పారేశారు. తరువాత అందరూ చుట్టూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎర్రదనం కొంచెం కొంచెంగా దిగిపోయింది. నీళ్లలో చిన్న చిన్న తలల నీడలు ఒక్కొక్కటే తేలాయి, గుంట అంచున గుండ్రంగా. మా పాప తలకూ నా తలకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. అక్కడ జరిగి కూర్చోమని ఎవరూ అనలేదు, ఎవరూ జరగలేదు. ఆ చోట నీళ్లు ముందుగా తేటపడి, కానుగ కొమ్మా కొమ్మ మీది ఆకాశమూ కనబడ్డాయి.